కొంగ సబ్బు అచ్చు

నేను ఒక సబ్బు అచ్చును. కంచుతో పోసిన బరువైన పలకను. నా మీద ఒంటికాలిపై నిలబడిన కొంగ బొమ్మ, దాని కింద 'కొంగ సబ్బు' అన్న అక్షరాలు తిరగేసి చెక్కి ఉంటాయి.

నన్ను గుంటూరులో పోత పోయించింది చీరాల బసవయ్య. నేత కుటుంబంలో పుట్టి, మగ్గం దిగి, సబ్బుల పని పెట్టుకున్న మనిషి. కొబ్బరినూనె, సోడా కలిపి కాచి, చెక్క పెట్టెల్లో పోసి, గట్టిపడ్డాక తీగతో బారులుగా కోసేవాడు. నన్ను మరకు బిగించి ఒక్కో బారు మీదా నొక్కేవాడు. "చీర రంగు పోగూడదు, ఉతికే చేతులు మండగూడదు. అంతకు మించి మన సబ్బు ఏం చెయ్యక్కర్లా" అనేవాడు. చీర నేయడానికి పడే కష్టం తెలిసిన ఇళ్ళలో ఆ మాట బాగా పట్టుకుంది. చీరాల నుంచి బాపట్ల, రేపల్లె, ఒంగోలు దాకా కొంగ ఎగిరింది. ఆ రోజుల్లో నాకు ఊపిరాడేది కాదు.

వ్యాపారం పెరిగితే తమ తెలివి అనుకోవడం, ఆగిపోతే కాలం మారిందనడం మనుషులకు అలవాటు. బసవయ్య పోయాక ఆయన కొడుకు రామలింగం చేతికి వచ్చాను. మంచివాడు, పని తెలిసినవాడు. అయితే అతని హయాంలో అమ్మకం పెరగలేదు. పడిపోనూ లేదు. ఒక్కసారిగా పడిపోయి ఉంటే తొందరగా మేలుకొనేవాడేమో. ఉన్నచోటే ఉండిపోవడం వల్ల అంతా బాగానే ఉందనుకున్నాడు. పైగా పెద్ద కంపెనీలను చూసి ఒంటిసబ్బు, గిన్నెల సబ్బు, బట్టల పొడి, చివరికి అగరుబత్తీలు కూడా మొదలుపెట్టాడు. అన్నిటి మీదా కొంగే. పని చేసే ఆడవాళ్ళు ఏ వాసన ఎందులో కలపాలో తడుముకునేవారు. సబ్బుతో చెంచా ఉచితమన్న నెలలో ఎప్పుడూ కొనేవాళ్ళే రెండేసి కొని దాచుకున్నారు. మర్నెల వాళ్ళు షాపు వైపే రాలేదు.

చివరికి రామలింగం చెల్లెలికి ఫోను చేసి, మూసేద్దామనుకుంటున్నానని చెప్పాడు.

చెల్లెలు చౌడేశ్వరి ఒంగోల్లో చీరల షాపు నడిపేది. కొన్నవాళ్ళ కంటే కొనకుండా లేచి వెళ్ళినవాళ్ళ మాటే ఎక్కువగా పట్టించుకునే మనిషి. సంచీలో సబ్బులు వేసుకుని కొన్నాళ్ళు కొత్త కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగింది. తిరిగొచ్చి, మర పక్కన పీట వేసుకు కూర్చుంది.

"వాడేవాళ్ళని అడిగితే బాగుందనే అంటారన్నయ్యా. నేను వాడనోళ్ళ దగ్గిరికి పోయా."

"మనది బాలేదన్నారా?"

"అట్టా అన్నా బాగుండేది. కొంగ సబ్బా, అదేంది అన్నారు."

రామలింగం ముఖం వాడిపోయింది.

"నాన్న కాలంలో కొన్నోళ్ళు పెద్దోళ్ళయిపోయారు," అంది చౌడేశ్వరి. "కొత్తగా కాపురం పెట్టినోళ్ళకి మనం కనపడనే లేదు. మనమేమో పాత షాపులకే పోయి, పాతోళ్ళకే చెంచాలిస్తన్నాం."

"ఇప్పుడు అందరి ఇళ్ళల్లో వాషింగ్ మిషన్లేగా. మన సబ్బెవరిక్కావాలి?"

"చేనేత చీర మిషన్లో వెయ్యటంలా. బకెట్లో చేత్తోనే జాడిస్తన్నారు, రంగు పోతదని భయపడతా. వాళ్ళకి కావాల్సింది మన దగ్గరుంది. కానీ ఇంత బారు కొనుక్కుపోయి ముక్కలు కోసుకునే ఓపిక వాళ్ళకి లేదు. మిగతాయన్నీ ఆపేద్దాం. ఒక్క సబ్బు, చేనేత చీరల కోసం, అరచేతిలో పట్టేట్టు. చీరలమ్మే చోటే పెడదాం."

"పొడి కలిపేవాళ్ళ సంగతో?"

"వాళ్ళే ఈ సబ్బులు చుడతారు. ఎవర్నీ పంపొద్దు."

రామలింగం నా మీద చెయ్యి వేశాడు. "అయితే ఈ అచ్చు?"

"పక్కన పెట్టాల."

"నాన్న బిగించింది ఇది."

"నాకు మాత్రం నాన్న కాదా అన్నయ్యా?"

మర్నాడు రామలింగమే నన్ను బిగించిన మరమేకులు విప్పాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి అటక మీద పెట్టాడు. మిగతావన్నీ ఆపేసిన మొదటి నెలల్లో రాబడి ఇంకా తగ్గింది. అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పని చేశారు. నా చోట చిన్న అచ్చు వచ్చింది. దాని చప్పుడు తేలిక. మొదట ఎప్పుడో ఒకసారి వినపడేది. తరవాత ఎడతెగకుండా వినపడసాగింది. కొంగ ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్ళ పేర్లు రామలింగం నోట విన్నాను.

ఒకనాడు పాతసామాన్లవాడు వచ్చాడు. రామలింగం నన్ను దించి, తడుముకోకుండానే తక్కెట్లో పెట్టాడు. తండ్రి ఉన్నది ఈ కంచులో కాదు, ఆ సబ్బులోనని అతనికి తెలిసినట్టుంది.

"ఉండన్నయ్యా," అంది చౌడేశ్వరి. నన్ను పక్కన పెట్టమన్న మనిషే వచ్చి తక్కెట్లోంచి రెండు చేతులా తీసుకుంది. "ఇదొక్కటి నాకియ్యి." కొంగుతో కళ్ళొత్తుకుని, అదే కొంగులో నన్ను చుట్టుకుంది.

ఇప్పుడు ఒంగోల్లో ఆమె షాపులో, చీరల మధ్య ఉన్నాను. నా పక్కనే చిన్న సబ్బులు దొంతరగా పేర్చి ఉంటాయి. వచ్చినవాళ్ళు నన్ను చూడరు. సబ్బు అందుకుని, వాసన చూసి, చీరతో పాటు సంచీలో వేసుకుని వెళ్ళిపోతారు.