మంచు కప్పని మూల

పెరుగు డబ్బా అడుగున అంటుకున్నది అంత సులువుగా వదలదు. వేలు పెట్టి రుద్దాలి, మూతకున్న రేకు విడిగా తియ్యాలి, బోర్లించి ఆరబెట్టాలి. అప్పుడే రీసైకిలు బండివాళ్ళు తీసుకుంటారు. నేనా పనిలో ఉండగా ముందుగదిలోంచి మా ఆయన వారెన్ గొంతు వినిపించింది. "ఈ మధ్య మా ఇంట్లో చెత్తే ఉండటం లేదు. వారానికి ఒక్క చిన్న సంచి, అంతే. అలవాటైతే ఏం కష్టం కాదు."

వీధివాళ్ళు ఆహా ఓహో అన్నారు. మా పైకప్పు మీది సోలారు పలకల్నీ, కొత్త కరెంటు కారునీ చూడ్డానికి వచ్చారు వాళ్ళు. పండక్కని వచ్చిన మా అత్తగారు ఫిలిస్ కొడుకు భుజం తట్టింది. "వీడికి చిన్నప్పట్నుంచీ ఈ భూమంటే ప్రాణం." తర్వాత వంటింటి వైపు తిరిగి, "ట్రూడీ, ఆ డబ్బాలు తర్వాత కడుక్కోవచ్చులే, అందరికీ కాఫీ పట్రా" అంది.

కష్టం కాదట. కారు కొన్నది వారెన్, పలకలు పెట్టించింది వారెన్. రెండూ ఒక్కసారి చేసి ఫొటో తీసుకునే పనులు. డ్రయరు ఆపేసి, నేలమాళిగలో తాళ్ళు కట్టి, అతని చొక్కాలు ముడతలు పడకుండా దులిపి ఆరేసేది నేను. పళ్ళ డాక్టరు దగ్గర రోజంతా ఫోన్లెత్తి వచ్చి, మిగిలిన కోడి ఎముకలతో సూపు కాచేది నేను. "మళ్ళీ సూపేనా?" అనేది వారెన్. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేసే పనులకి ఆనవాలంటూ ఉండదు. వండితే తినేస్తారు, ఉతికితే మాసిపోతాయి. నా రోజు ఎటు పోయిందో సాయంత్రానికి నాకే తెలియదు.

గరాజు వెనక నా ఎరువు కుప్ప ఒక్కటే వేరు. పాత చెక్కలు నాలుగు వైపులా నిలబెట్టి తొక్కలు, కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు అందులో వేస్తాను. వాటికి ఎండుటాకులు కలవాలి, మా చెట్టు ఒక్కటే చాలదు. ఆకులు రాలే కాలంలో మా వీధివాళ్ళు వాటిని ఊడ్చి, పెద్ద కాగితపు సంచుల్లో కూరి, ఊరి బండి కోసం రోడ్డు పక్కన వరసగా నిలబెడతారు. బండి రాకముందే నేను వెళ్ళి ఎత్తుకొచ్చేదాన్ని. పక్కింటి డెనీస్ గుమ్మంలోంచి, "దొంగా! మా ఆకులు బాగున్నాయా?" అని నవ్వేది. వారెన్‌కి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "ఊళ్ళోవాళ్ళ చెత్త మనింటికి మొయ్యడమేంటి ట్రూడీ? పరువు తీస్తున్నావు."

అతిథులు వెళ్ళాక వారెన్ అన్నాడు: "శనివారం కిరాయి బండివాడొచ్చి ఆ కుప్ప ఎత్తుకుపోతాడు. వచ్చే వేసవిలో ఊళ్ళో పెట్టే సోలారు ఇళ్ళ ప్రదర్శనకి జనం మనిల్లు చూడ్డానికి వస్తారు కదా, అది కంటికి బాగోదు. దాని బదులు తొక్కలు వేసుకోడానికి నీటుగా ఉండే ప్లాస్టిక్ పీపా తెప్పించా, గరాజులో ఉంది."

నన్ను అడగలేదు, చెప్పాడంతే.  కాఫీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎదురు చెప్పకపోవడం నాకు బాగా అలవాటు.

శనివారం పొద్దున లేచేసరికి మంచు పడింది. తొక్కల బకెట్టు పట్టుకుని పెరటి తలుపు తీశాను. కంచె, గడ్డి, డెనీస్ వాళ్ళ ఊయల అన్నీ తెల్లగా కప్పబడిపోయాయి. నా కుప్ప మీద మాత్రం చిటికెడు మంచు లేదు. నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ కూచుంది. బకెట్టు కింద పెట్టాను. చేతి తొడుగు తీసి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాను. వేడి! స్నానాల తొట్టిలో నీళ్ళంత వేడి! వీధి వీధంతా గడ్డకట్టుకుపోయిన పూట, వీధి వద్దనుకున్నవన్నీ ఇక్కడ చేరి, ఎవరి కరెంటూ లేకుండా కాగుతున్నాయి. కంటికి ఆనని ప్రాణులు ఎన్ని కోట్లో, నేను వేసింది తింటూ, నా మోచేతి చుట్టూ బతుకుతున్నాయి. చర్చిలో ఏనాడూ రాని కన్నీళ్ళు వచ్చేశాయి. నా పని ఎక్కడికీ పోకుండా ఒకచోట ఉండి, తిరిగి నన్ను తాకడం నా బతుకులో ఇదే మొదలు.

"ట్రూడీ! జరుగు! అంటుకుంది!"

వారెన్ పైజమాలో, ఒక కాలికే బూటుతో, మంటలార్పే ఎర్ర సిలిండరు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. వంటింటి తలుపు దగ్గర ఫిలిస్ ఫోను పట్టుకుని నిలబడింది.

"అంటుకోలేదు. ఆవిరి."

"పొగలొస్తుంటే ఆవిరంటావేంటి! అమ్మా, ఫైరింజన్‌కి చెప్పు!"

"ఫోను పెట్టెయ్యండి, ఫిలిస్!" అని అరిచి, వారెన్ చెయ్యి పట్టుకుని కుప్పలోకి తోశాను. లాక్కోబోయాడు, ఆగిపోయాడు. మొహంలో కంగారు పోయి, చిన్నపిల్లవాడి ఆశ్చర్యం వచ్చింది.

"కింద ఏం పెట్టావు?" గుసగుసగా అడిగాడు.

"ఏం పెట్టలేదు. మనం తిని వదిలేసినవి, వీధి రాల్చుకున్నవి."

"ఊరికే ఇంత వేడెక్కుతుందా?"

"ఊరికే కాదు. వారం వారం తిరగెయ్యాలి. లేకపోతే చల్లారిపోతుంది."

అంతలో కుప్ప ఎత్తడానికి పిలిచిన బండి మా వాకిట్లో ఆగింది. వారెన్ అటు చూశాడు. అతనికంటే ముందు నేనే వెళ్ళాను. "ఎత్తాల్సింది గరాజులో ఉంది, ఆ ప్లాస్టిక్ పీపా. కొన్న కొట్లోనే దింపెయ్యి నాయనా" అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే వారెన్ అక్కడే వంగి ఉన్నాడు. అతని చెయ్యి ఇంకా కుప్పలోనే ఉంది.

"మరి పొద్దున్నే తినడానికి ఏముంది ట్రూడీ?" అంది ఫిలిస్.

"పాన్‌కేకుల పిండి అలమరలో ఉంది. మీకు తెలిసిన పనే కదా. గుడ్డు పెంకులు మాత్రం పారెయ్యకండి."

కంచెకి ఆనించిన నాలుగు పళ్ళ పార తెచ్చి వారెన్ చేతికిచ్చి, మెట్టు మీద మంచు దులుపుకుని కూచున్నాను.

"తిరగెయ్యి" అన్నాను. "అలవాటైతే ఏం కష్టం కాదు."