సానరాయి మీద తెల్లటి మరక

మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఇరవై ఒకటి వచ్చింది. తప్పు లెక్కపెట్టి ఉంటాననుకున్నాను. గోడగడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, పాప పొట్ట మీద చూపు నిలిపి మళ్లీ మొదలుపెట్టాను. పొట్ట లేచి పడితే ఒకటి. ఈసారి పద్దెనిమిది.

ఊపిరి నిమిషానికి నలభైకి అటూ ఇటూ ఉండాలని ఆస్పత్రిలో ఈశ్వరి సిస్టర్ చెప్పింది. ముప్పైకి తగ్గితే ఎవరినీ అడగకుండా ఫోన్ చెయ్యమంది.

పాప మా అక్క చౌడేశ్వరి కూతురు. పుట్టి ఇరవై ఒక్క రోజులు. ఆ పొద్దు ఉయ్యాలలో వేయాలని అక్క అత్త తిమ్మమ్మ యాడికి నుంచి మొదటి బస్సుకే వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుంది. బెంగళూరులో కట్టడాల పనికి పోయిన అమ్మను, నాయనను తీసుకురావడానికి ఓబులేష్ బావ ఆటో వేసుకుని తాడిపత్రి స్టేషన్‌కు పోయాడు. అక్క లోపల చీర మార్చుకుంటోంది. మా అవ్వ ఆంజినమ్మ పొయ్యి దగ్గర బెల్లం కొడుతోంది.

"ఏడుపుగొట్టు పిల్ల అంటిరే, ఏదీ ఏడుపు?" అంది తిమ్మమ్మత్త నవ్వుతూ. "ఎట్ల పండుకోనుండాదో సూడు పెద్దమ్మా, మారాణి మాదిరి."

"నా సేయి పడిందిలే. పదిమందిని సాకిన సేయి," అంది అవ్వ.

పాప అట్లా నిద్రపోయే పిల్ల కాదు.

అక్క పెళ్లికి ముందు రెండేళ్లు బండల ఫ్యాక్టరీలో పని చేసింది. నడుము నొప్పికి ఎవరో మాత్రలు ఇచ్చారు. రోజుకు ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. అవి లేకపోతే లేవలేని స్థితికి వచ్చింది. పెళ్లయ్యాక కూడా మానలేకపోయింది. నాలుగో నెల కడుపుతో ఉన్నప్పుడు నన్ను తోడు తీసుకుని పెద్దాస్పత్రికి పోయింది. అక్కడ ఆ మాత్రలు మాన్పించి, రోజూ పొద్దున నాలుక కింద పెట్టుకునే మరో మాత్ర ఇచ్చారు. దీన్ని ఉన్నట్టుండి ఆపితే కడుపులో బిడ్డకే ప్రమాదమన్నారు. పుట్టాక బిడ్డ కొన్నాళ్లు వణుకుతుంది, తుమ్ముతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. అట్లాగే అయింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో పెట్టుకుని, వెలుతురు తక్కువున్న గదిలో, తల్లి ఎదకు ఆనించి, కొంచెం కొంచెం పాలు పట్టిస్తూ కుదుట పరిచారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఈశ్వరి సిస్టర్ నాకు ఒక నోటుపుస్తకం ఇచ్చింది. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది, ఊపిరి ఎంత, అన్నీ రాయాలి. నాకు నలుగురిలో నోరు పెగలదు. రాయడమంటే మాత్రం వెనకాడను.

ఈ సంగతి అక్కకు, బావకు, నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. అది నడుం నొప్పి మాత్ర అని అవ్వతో చెప్పాం.

పాప అరికాలు గిల్లాను. కాలు కొంచెం కదిలింది, కళ్లు తెరవలేదు. గూట్లో ఉన్న సానరాయి మీద నా చూపు పడింది. అవ్వ రోజూ దాని మీద వస అరగదీసి పాప నాలుకకు రాస్తుంది. వస మరక మట్టిరంగులో ఉంటుంది. ఆ పొద్దు దాని పక్కన తెల్లటి మరక ఉంది.

మాత్రల డబ్బా తీశాను. నిన్న సాయంత్రం ఏడు ఉన్నాయని నేనే రాశాను. పొద్దున అక్క ఒకటి వేసుకుంది. ఐదే ఉన్నాయి.

"అవ్వా, పాపకేం పెట్టినావ్?"

"వస పెట్నా, గంట దాటింటాది. రోజూ పెట్టేదే గదా."

"ఇంకా?"

"మీయక్క మాత్ర. రోంత, గోరంత అరగదీసినా. మిగిలింది పొయ్యిలో పారేసినా." అవ్వ బెల్లం చేతిని కొంగుకు తుడుచుకుంది. "పొద్దున్నే వణుకుతాంటాది గదా మీయక్క, అది ఏసుకుంటానే కుదురుతాది. పిల్లకూ అదే వణుకు. తల్లికి కుదిరింది పిల్లకు కుదరదా? సూడు, ఎంత సుకంగా పండుకోనుందో."

నాకు అవ్వ మీద కోపం రాలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను.

అక్క గదిలోంచి వచ్చి పాపను ఎత్తుకుంది. తల వెనక్కి వాలిపోయింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. నేను ఫోన్ తీసుకుని వాకిట్లోకి కదిలాను. మా ఇంట్లో సిగ్నల్ వాకిట్లోనే, అదీ తిమ్మమ్మత్త కూర్చున్న మంచం దగ్గరే వస్తుంది. గడప దాటకముందే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"నడుం మాత్ర అని మాత్రం చెప్పు మే," అంది చెవిలో. "పేరు చెప్పొద్దు. అత్త ఆడనే ఉండాది. పిల్లను పెరుక్కోని పోతాది."

"పేరు చెప్పకపోతే మందు ఎట్ల ఇస్తారు అక్కా?"

అక్క పాప పొట్ట వైపు చూసింది. అది లేవడానికి చాలాసేపు పట్టింది. అక్క వేళ్లు వదులయ్యాయి.

నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. అవతల ఒకాయన ఊరి పేరు అడిగాడు, చెప్పాను. బిడ్డ వయసు అడిగాడు, చెప్పాను. "ఏం తాగించారమ్మా?" అన్నాడు. తిమ్మమ్మత్త తాంబూలం పళ్లెం పక్కన పెట్టి నా ముఖంలోకి చూస్తోంది.

నోటుపుస్తకం తెరిచాను. బడిలో సారు నిలబెట్టి పాఠం చదివించినట్టు, తల ఎత్తకుండా చదివాను. అక్క మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎందుకు వాడుతోంది, ఏ మాత్రలకు అలవాటు పడింది, ఎన్ని నెలల నుంచి వైద్యం నడుస్తోంది. పాపకు అరగదీసి నాకించారని, గంట దాటిందని, ఊపిరి పద్దెనిమిది అని.

"బండి బయల్దేరింది. పాలు పట్టొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి గడ్డం కొంచెం పైకి ఉంచండి. అరికాళ్లు రుద్దుతూ ఉండండి. ఫోన్ పెట్టేయొద్దు," అన్నాడు ఆయన.

అక్క పాపను వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి గడ్డం పట్టుకుంది. నేను అరికాళ్లు రుద్దాను. అవ్వ గడపలో నిలబడి, "నేనేం చేసినానే? ఏం చేసినానే నేను?" అని మెల్లగా అడుగుతూనే ఉంది.

"మత్తు మాత్రలా?" అంది తిమ్మమ్మత్త. "నా కొడుక్కు తెలుసునా?"

"తెలుసు అత్తా," అంది అక్క, పాప మీద నుంచి చూపు తిప్పకుండా.

పదహారు. అరికాలు రుద్దితే ఒక ఊపిరి, ఆపితే లేదు. పద్నాలుగు. ఎండ వాకిట్లో సగం దాకా వచ్చింది. తిమ్మమ్మత్త లేచింది. పోతుందనుకున్నాను. తన గొడుగు తెరిచి పాప ముఖానికి నీడ పట్టి అట్లాగే నిలబడింది. బండి వచ్చేసరికి పన్నెండు.

బండిలో ముక్కుకు గాలి పెట్టారు. ఆస్పత్రిలో నా నోటుపుస్తకం చూసి డాక్టరమ్మ వెంటనే విరుగుడు సూది వేసింది. మేం తలుపు బయట నిలబడ్డాం. కొంతసేపటికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఇరవై ఒక్క రోజులుగా మమ్మల్ని నిద్రపోనివ్వని ఏడుపే. అక్క తలుపుకు చెవి ఆనించింది.

"మత్తు మళ్లీ కమ్మవచ్చు. రేపటిదాకా చూస్తూ ఉండాలి," అంది డాక్టరమ్మ.

"ఆ మాత్ర మాన్పించేయండి తల్లీ," అంది తిమ్మమ్మత్త.

"మాన్పిస్తే పాతవాటికే పోతుందమ్మా. బీపీకి మాత్ర ఎట్లానో, ఈమెకు ఇది అట్లా. తన పాలు పాపకు మంచివే. మాత్రలు మాత్రం తాళం వేసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు అదేంటో చెప్పండి."

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని పాపకు నాకించిన వేలిని చూసుకుంటోంది. అప్పటికే నాలుగుసార్లు కుళాయి దగ్గరికి పోయి కడుక్కుని వచ్చింది.

సాయంత్రం, స్టేషన్ నుంచి నేరుగా ఆస్పత్రికే వచ్చిన అమ్మ, నాయన, బావ బయట వరండాలో ఉన్నారు. పాప పక్కన నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. తిమ్మమ్మత్త వచ్చి ఎదురుగా నిలబడింది.

"నోట్లో నాలుక లేని పిల్లనుకున్యా నిన్ను. అందరి ముందర ఇంటి గుట్టు చదివితివే."

నేను తల వంచుకున్నాను. మంచం మీద అక్క కదలకుండా చూస్తోంది.

"నా కొడుకుతో నాకు మాట్లాడేది ఉండాది. మీయక్కతోనూ ఉండాది. అది తరవాత." స్టూలు లాక్కుని కూర్చుంది. "ముందు అది ఎట్ల లెక్కబెడతావో నాకు చూపీ."

పొట్ట మీద చూపు ఎట్లా నిలపాలో చూపించాను. గడియారం నేను చూస్తానన్నాను.

"నాకు ఇరవై దాకే వచ్చేది," అంటూ తిమ్మమ్మత్త ముందుకు వంగింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఒక ఇరవై కాగానే బొటనవేలు మడిచింది. రెండో ఇరవైకి చూపుడువేలు మడిచింది. నేను నిమిషం అయిందన్నాను.

"రెండు ఇరవైలు. ఇంకో రెండు," అంది. "రాసుకో. లెక్కబెట్టింది నేనని కూడా రాయి."