దుమ్ము కింద అక్షరాలు

"నువ్వు కాస్త దుమ్ము తుడిచిపెట్టు, మేం చూస్తాం" అంటూ భర్త గుడ్డ ఆమె చేతికిచ్చాడు. ఇంట్లోనైనా, ఈ పాతసామాన్ల షెడ్డులోనైనా గుడ్డ మాత్రం ఆమెదే.

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఆమె తుడవని వస్తువు లేదు. గుడ్డ పట్టిందంటే ఉన్నచోటే ఉండిపోతుందని అత్తగారి ఫిర్యాదు. "ఫ్యాను తుడుస్తోందా, ఫ్యానుతో కబుర్లాడుతోందా?" అనేదావిడ. నిజానికి ఆమె చదువుకునేది. మిక్సీ అడుగున, కరెంటు మీటరు మీద, ఎక్కడ నాలుగు అక్షరాలు కనబడినా అవి పూర్తయ్యేదాకా చెయ్యి కదిలేది కాదు. వెనక గదిలో భర్త సరదాకి మొదలుపెట్టిన యంత్రాన్నీ అలాగే చదివింది. కంప్యూటరులో గీసిన బొమ్మను చెక్క మీద చెక్కే యంత్రమది. సరైన మోటార్లు మూడు, వాటిని ఆడించే డ్రైవు పెట్టెలు దొరక్క మూడేళ్లుగా దుప్పటి కింద పడుకుంది. ఎవరికీ చెప్పలేదుగానీ, ఆమె నోటుబుక్కులో గీసుకున్న నలభై పూలతీగలూ పువ్వులూ చెక్క మీదికి ఎక్కడానికి కాచుకుని ఉన్నాయి. ఇవాళ పనికిరానివి కొన్నారా, మళ్లీ దుప్పటే.

మిల్లులో ఫిట్టరుగా చేసే బావగారు అప్పుడే ఒక పెద్ద పెట్టెను రెండు చేతులా ఎత్తి చూపిస్తున్నారు. "ఇదిరా తమ్ముడూ డ్రైవంటే! ఎంత బరువుందో చూడు. ఇలాంటివి మూడున్నాయి, కట్టించెయ్."

ఆమె దాని పక్కకు గుడ్డ పోనిచ్చింది. దుమ్ము కింద చిన్న ప్లేటు. నాలుగొందల వోల్టులు, మూడు ఫేజులు.

"ఏమండీ, ఇవి మనింట్లో వెలగవు."

బావగారు పకపకా నవ్వారు. "వెలగడానికి ఇదేమన్నా ట్యూబులైటా అమ్మాయ్?"

"ట్యూబులైటైతే నయమే బావగారూ, మనింటి కరెంటుకి వెలుగుతుంది. దీనికి మూడు ఫేజులు కావాలి. మనకున్నది ఒకటే. పోయిన వారమే మీటరు తుడిచాను."

భర్త వంగి ప్లేటు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మరి ఏవి పనికొస్తాయంటావ్?" అన్నాడు. 'ఇవాళ కూరేంటి' కాకుండా ఆయన నిజంగా జవాబు కోసం అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో అనిపించి ఆమెకు నవ్వొచ్చింది.

బల్ల కింద అరచేయంత వెడల్పున్న పెట్టెలు కొన్ని, వాటి మోటార్లతో సహా మూలకు తోసేసి ఉన్నాయి. తుడిచింది, చదివింది. రెండొందల ఇరవై, ఒక ఫేజు. పల్సు ఆదేశాలు వింటాయని కూడా రాసి ఉంది; తమ కంప్యూటరు పంపేవీ ఆ చిన్న చిన్న కరెంటు మిణుకులే. ఇక మోటార్లు. ఒక మోటారు ఇరుసును వేళ్లతో తిప్పింది. హాయిగా తిరిగింది. దాని మూడు కరెంటు తీగల్లో రెండింటి కొసలు కలిపి మెలేసి, మళ్లీ ఇరుసు తిప్పితే వేళ్లకు బరువు తగిలింది. జత మార్చింది, మళ్లీ మార్చింది. మూడుసార్లూ అదే బరువు. లోపలి రాగితీగ చుట్లు బాగున్నాయన్నమాట. వెనక గదిలో పనికిరాక పడి ఉన్న మోటారు తుడుస్తున్న ఒక మధ్యాహ్నం ఆమెకు దానంతటదే దొరికిన కిటుకది. తీగలు కలపకపోయినా ఇరుసు బిగుసుకుపోయిన ఒకదాన్ని పక్కన పెట్టేసింది. మంచివి మూడు తేలాయి.

ఆ షెడ్డు నడిపే తాత టీ గ్లాసు దించి, ఒక్కో జతకీ ప్లగ్గు పెట్టాడు. పెట్టెల మీద ఎర్రటి అంకెలు వెలిగాయి. తప్పు చూపే అంకె ఒక్కటీ రాలేదు.

"ఎవరు నేర్పారమ్మా నీకివన్నీ?"

"గుడ్డ" అందామె. తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. బావగారు ఆగి ఆగి నవ్వారు.

ఆదివారం మధ్యాహ్నానికి వెనక గదిలో యంత్రానికి మోటార్లూ పెట్టెలూ బిగించడమైంది. కత్తి బిగించేచోట ఆమె పెన్సిలు కట్టి మీట నొక్కింది. యంత్రం గుర్రుమని కదిలి, అట్ట మీద ఆమె నోటుబుక్కులోని మొదటి పూలతీగను గీసుకుంటూ పోయింది. తప్పటడుగులేసే బిడ్డను చూసినట్టు చూస్తూ, చప్పట్లు కొట్టింది.

భర్త గుమ్మంలో నిలబడ్డాడు. "నేనేం చెయ్యను?"

ఆమె భుజం మీది గుడ్డ తీసి అందించింది.

"ఆ మూల పెట్టెలు తుడవండి. చదువుతూ తుడవండి."