ఎల్క్ కొమ్ములూ, విమల మొహమూ

ప్రేమానందం ఫోటో తీస్తే కాళ్ళు తప్పకుండా పడతాయి. తలల సంగతే దేవుడి దయ. గుడివాడ స్టూడియోలో నిలువెత్తు ఫోటోలు చూస్తూ పెరిగినవాడు. చీర అంచూ చెప్పులూ కనబడని ఫోటో ఒక ఫోటోయేనా అనేవాడు వాళ్ళ నాన్న. అందుకే కెమెరాలోంచి చూసినంతసేపూ ప్రేమానందం చూపు నేలమీదే. అమెరికా వచ్చాక కూడా అంతే, అరోరా తెలుగు చర్చిలో పిక్నిక్ ఫోటోలు వచ్చాయంటే, చీరల్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవలసిందే.

అలాంటివాడు 1984 క్యాలెండరుకి బొమ్మ తానే తెస్తానని సంఘం ముందు మాటిచ్చేశాడు. బైబిలు వాక్యం పక్కన కొమ్ముల దుప్పి ఉండాలన్నారు పాస్టరు సుందర్ రాజ్ గారు.

"కొమ్ములు తెగకుండా తెండి బ్రదర్," అని కూడా అన్నారు.

అందరూ నవ్వారు. ప్రేమానందమూ నవ్వాడు గానీ మనసు చివుక్కుమంది. ఈసారి కూడా తల తెగితే చర్చిలో తల ఎత్తుకోలేననుకున్నాడు.

సెప్టెంబరు చివర్లో భార్య విమలకుమారిని కార్‌లో ఎక్కించుకుని కొలరాడో కొండలకి డ్రైవ్ చేశాడు. అది ఎల్క్‌లు జతకట్టే కాలం. ఎల్క్ అంటే మన కణుజు దుప్పికి పెద్దన్న, గుర్రమంత ఉంటుంది. తెల్లవారుతూనే ఒక మగ ఎల్క్ పచ్చికలోకి వచ్చి ఈల వేసింది. అంత భారీ ఒంట్లోంచి అంత సన్నని ఈల వచ్చేసరికి విమల పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది బురదలో పొర్లి, పొదల్ని కుమ్మి, కొమ్ములకి గడ్డి తగిలించుకుని పెళ్ళికొడుకులా ఆడవాటి చుట్టూ తిరిగింది. ప్రేమానందం రీలు మీద రీలు మారుస్తున్నాడు.

"ఏమండీ, కొమ్ములు పడుతున్నాయా?"

"గిట్టలు గడ్డిలో దాక్కుంటున్నాయి విమలా. ఫోకస్ చేస్తున్నా."

"గిట్టలెవరికి కావాలండీ?"

ఇంతలో ఒక ఆడ ఎల్క్ ఇటు పరుగెత్తింది, దాని వెనకే మగది. ప్రేమానందం కెమెరా కంటికి పెట్టుకునే వెనక్కి వెనక్కి నడిచి వాగులో కూలబడ్డాడు. నడుం దాకా మంచులాంటి నీళ్ళు. కెమెరా మాత్రం తడవనివ్వలేదు. ఎల్క్ వచ్చి సరిగ్గా గట్టు మీద ఆగింది. కింద నుంచి ఎంత వెతికినా గిట్టలు కనబడలేదు, గట్టు అడ్డం. గత్యంతరం లేక చూపు పైకెత్తాడు. కొమ్ములు, మొత్తం కొమ్ములు, ముక్కులోంచి ఆవిరి. నొక్కాడు. ఎల్క్ అతన్ని లెక్కచేయకుండా ఆడదాని వెంట పోయింది.

"పడ్డాయి విమలా, మొత్తం పడ్డాయి," అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నా పట్టరాని సంతోషంగా ఉంది.

విమల గట్టు మీదికి వచ్చి చెయ్యి అందించింది.

"అడవి జంతువుకి పట్టింది ఆ భాగ్యం. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు తీసిన ఒక్క ఫోటోలోనన్నా నా మొహం ఉందా?"

నవ్వుతూనే అంది. ఇంట్లో ఆల్బమ్ నిండా ఆమె చీరలున్నాయి, ఆమె నవ్వు ఎక్కడా లేదు. ప్రేమానందానికి చాలా సిగ్గేసింది. ఆ చెయ్యి అందుకోలేదు.

"అక్కడే నిలబడు."

"చలికి బిగుసుకుపోతారు, బయటికి రండి."

"నిలబడవే బాబూ."

విమల జుట్టు సవరించుకుంది, కుచ్చిళ్ళు సర్దుకుంది, కిందికి ఒకసారి చూసుకుంది.

"కొత్త బూట్లు పడతాయంటారా?"

"పడవు," అన్నాడు ప్రేమానందం, ఆమె మొహం మీంచి చూపు తిప్పకుండా.