ఉప్పు చల్లిన మన్ను

కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా వాకిట్లో బండలు పరిపించుకున్న వాళ్లను ఎవరినైనా అడగండి, సైదయ్య మేస్త్రీ పేరు చెబుతారు. అడక్కపోయినా ఆ పేరు సైదయ్యే చెప్పుకునేవాడనుకోండి, అది వేరే సంగతి. "నేను పరిసిన బండల సందుల గడ్డిపోస మొలిస్తే నన్నడుగుండ్రి" అనేవాడు. ఇతర మేస్త్రీలు పరిచిన వాకిళ్ల ముందు ఆగి, సందుల్లో లేచిన తుంగను చూసి, ఇంటివాళ్లు వింటున్నారేమోనన్న బెరుకైనా లేకుండా తిట్టేవాడు. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే గడ్డితో అతనికి పాత పగ ఏదో ఉన్నట్టుండేది.

అతని పద్ధతి అతనిది. జానెడు లోతు తవ్వాలి. వేళ్లూ గడ్డలూ ఏరెయ్యాలి. దొడ్డుప్పు దండిగా చల్లి, నీళ్లు కొట్టాలి. దానిమీద క్రషర్ డస్ట్ పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, అప్పుడు బండ వెయ్యాలి. ఇరవై ఏళ్లుగా అదే వరస. ఆ పని అతని చేతులు చేసుకుపోతుంటే నోరు మాత్రం ఊరి కబుర్లు చెబుతుండేది.

ఈ వానాకాలం, నాట్లు పడుతున్న రోజుల్లో, అతని ఒక్కగానొక్క కూతురు సంతోషి చచ్చిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. కోదాడలో డిగ్రీ చదువుతోంది. జ్వరం వచ్చిన నాలుగో రోజు సూర్యాపేట దవాఖానలో ప్రాణం పోయింది. నడిగూడెంలో తమ అరెకరం పొలం గట్టునే పూడ్చారు. వాళ్ల కుటుంబంలో గుంతలో ఉప్పు పోసి పూడుస్తారు. పోయగా సగం బస్తా మిగిలి, గట్టు మీదే ఉండిపోయింది.

ఇంట్లో కూర్చుంటే సైదయ్యకు పిచ్చెక్కినట్టయింది. ఊరి బొందలగడ్డలో సమాధుల మీద నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ కలుపు అతని కళ్లముందు మెదిలింది. తన బిడ్డ మీద అలా మొలవకూడదు. అంతే, మూడో నాడు గడ్డపార, పార పట్టుకుని పొలానికి పోయాడు. ఎవరినీ తోడు రానివ్వలేదు. పొద్దుగూకేసరికి సమాధి మీదా చుట్టూ బండలు పరిచి, తలవైపు మాత్రం మూరెడు చోటు మన్నుగానే వదిలాడు. ఏడ్చుకుంటూ చేసిన పని అది. ఎక్కడ ఏం చేశాడో తర్వాత అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవాడు.

ఆ మూరెడు చోటు నవధాన్యాల కోసం. పెద్దకర్మ నాడు తల్లి తన చేత్తో గింజలు చల్లడం వాళ్లింటి ఆనవాయితీ. అవి మొలకెత్తితే పోయినవాళ్లు ఏ అలకా లేకుండా చల్లగా వెళ్లినట్టు. సైదయ్య అక్క మంగ దగ్గరుండి చేయించింది. సైదయ్య భార్య ఉప్పలమ్మ చల్లింది, నీళ్లు పోసింది.

ఐదు రోజులైనా ఒక్క గింజ లేవలేదు. చల్లిన తొమ్మిదో నాడు మంగ వచ్చి చూసి, "మొలవలేదా ఇంకా?" అని మాత్రం అంది. ఉప్పలమ్మకు ఆ మాట చాలు. మళ్లీ గింజలు తెచ్చి చల్లింది. అవీ మన్నులోనే కుళ్లిపోయాయి.

ఆమె భయానికి కారణం ఉంది. జ్వరం వచ్చే ముందురోజు సంతోషి పొద్దంతా ఫోన్ పట్టుకుని కూర్చుందని ఉప్పలమ్మ నోరు పారేసుకుంది. "నీకు తిండి దండగ" అంది. ఏ తల్లీ అనని మాటేం కాదు. కానీ పిల్ల పళ్లెం ముందు నుంచి లేచిపోయింది. తెల్లారి జ్వరం. ఆ తర్వాత గ్లూకోజు సీసాలే తప్ప ముద్ద నోట పెట్టలేదు.

"దాని కడుపుల ఆ మాటే ఉండిపోయింది. అందుకే మొలుస్తలేవు" అనేది ఉప్పలమ్మ. సాయంత్రం అన్నం మానేసింది. సైదయ్య పళ్లెం ముందుకు జరిపితే, "నా బిడ్డ తినలే, నేనెట్ల తింట?" అని గోడవైపు తిరిగేది. కళ్లలో నీళ్లు కూడా లేవు. పూడ్చిన నాటి నుంచి ఆమె ఏడవలేదు. నెలలోపే జాకెట్టు భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయింది. ఈమె కూడా దక్కదేమోనని సైదయ్యకు గుబులు పట్టుకుంది.

అయినా ఒప్పుకున్న పని తప్పదు కదా. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నాగేశ్వర్ రావు కొత్త ఇంటి వాకిలి పరచడానికి వెళ్లాడు. ఆయన భార్య లత మెట్ల మీద కూర్చుని పని చూస్తూ అడిగింది.

"సైదయ్యా, పాతింట్లో సందు సందుకీ గడ్డే. పీకలేక చచ్చాం. ఇక్కడైనా రాకుండా ఉంటుందా?"

సైదయ్య గుప్పెడు దొడ్డుప్పు తీసి మన్ను మీద చల్లుతూ, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "రాదమ్మా, నాది పూచీ. ఉప్పు పడ్డ మన్నుల ఏ గింజా మొలవది."

అన్నాక అతని చెయ్యి ఆగిపోయింది. గట్టు మీది సగం బస్తా కళ్లముందుకొచ్చింది. బిడ్డ మీద బండలు పరిచిన సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆ బస్తా ఖాళీగా ఉంది. బండల కింద చల్లాడు, తలవైపు వదిలిన మూరెడులోనూ చల్లాడు. బిడ్డ కోసం ఉంచిన చోటని చేతులకు తెలియలేదు. అవి రోజూ చేసే పనే చేశాయి.

"ఏమైందయ్యా?" అంది లత. "ఇంటికి పోవాలమ్మా" అని చెప్పి, చేతులు కూడా కడుక్కోకుండా బస్సెక్కాడు.

బస్సులో ఎన్ని ఆలోచనలో. ఆమెకు తెలియకుండా మన్ను మార్చేస్తే? మొలకలొస్తాయి, సంబరపడుతుంది, అన్నం తింటుంది. అదే మేలు అనిపించింది. కానీ పొలానికి పోయేసరికి ఉప్పలమ్మ అక్కడే ఉంది. మూడోసారి గింజలు ఒడిలో పోసుకుని, చల్లడానికి ధైర్యం చాలక కూర్చుంది. ఆ ముఖం చూశాక ఇంకేం దాస్తాడు?

"ఆగు, ఎయ్యకు" అన్నాడు. "ఆ మన్నుల ఉప్పుంది. నేనే సల్లిన. గడ్డి రావొద్దని సల్లిన. బిడ్డ అలగలే ఉప్పలమ్మా, తప్పు నాది."

ఆమె చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పే" అంది.

అని లేచి, రెండు చేతులతో అతని రొమ్ము మీద గుద్దింది. "ఇన్నొద్దులు నా బిడ్డ నా మీద కోపంతోటి పోయిందనుకుంటి గద! నువ్వు మనిషివేనా?" ఇన్నాళ్లూ ఆగిన ఏడుపంతా అప్పుడొచ్చింది. సైదయ్య కదలకుండా నిలబడి గుద్దించుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి ఆ చోట జానెడున్నర లోతు మన్ను తీసి దూరంగా పారబోశారు. సైదయ్య వరిమడి పక్క నుంచి తట్టలకొద్దీ మంచి మన్ను మోసుకొచ్చాడు. ఉప్పలమ్మ గింజలు చల్లింది. నాలుగో నాటికి పెసలు లేచాయి, ఆ వెంటే అలసందలు. సైదయ్యకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"సూసినవా? మొలిసినయ్! ఇగనన్న ఇంత తిను."

ఉప్పలమ్మ మొలకల వైపు అలాగే చూసింది.

"మొలిసినయ్. మంచి మన్నేసినం, నీళ్లు పోసినం, మొలిసినయ్. ఎవలు సల్లినా మొలుస్తయ్. అప్పుడు ఉప్పు మొలవనియ్యలే, ఇప్పుడు మన్ను మొలిపిచ్చింది. మరి నా బిడ్డ ఏమన్నట్టు? నాకెట్ల తెలుస్తది ఇగ?"

తన ఉప్పు గింజల్నే కాదు, బిడ్డ చెప్పాల్సిన ఆ ఒక్క మాటనూ చంపేసిందని అప్పుడు సైదయ్యకు అర్థమైంది. గింజలైతే మళ్లీ చల్లొచ్చు. ఆ మాట ఎక్కడి నుంచి తెస్తాడు?

తల దించుకున్నవాడికి కొత్త మన్నుకూ బండకూ మధ్య సందులో పచ్చటి మొన ఒకటి కనిపించింది. చేతులు ఊరుకోవు కదా, పీకబోయాడు. ఉప్పలమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"అదేంది?"

"తుంగ."

"మనం ఏసినమా?"

"దాన్ని ఎవలేస్తరు?"

ఆమె వంగి, ఆ మొనను వేలి కొసతో ముట్టుకుంది. "ఎవ్వలు ఎయ్యంది ఇదొక్కటే" అంది మెల్లగా. "బిడ్డ పంపింది. ఉండనీ." కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోదాం పా. ఆకలైతుంది."

తుంగగడ్డ తాను మోసుకొచ్చిన తట్టమన్నులోనే వచ్చిందని సైదయ్యకు తెలుసు. మడిగట్టు మన్నులో తుంగ లేకుండా ఎలా ఉంటుంది? చెప్పబోయి నోరు మూసుకున్నాడు. చెంబులో మిగిలిన నీళ్లు ఆ తుంగ మొదట్లో పోసి, ఆమె వెనకే నడిచాడు.