కాలు తాకిన చాట

జ్యోతిరాణి రాసింది ఒక్కసారి చదువుడు మొదలువెడితే మధ్యలో వదిలిపెట్టలేమని ఆఫీసులో అందరూ అంటరు. కరీంనగర్ మంకమ్మతోటలో, బట్టల దుకాణం మీది అంతస్తులో ఉంటది ఆ వెబ్‌సైట్ ఆఫీసు. మనుషులు ఏడుగురే. పసుపు ధర పడిపోయిన వార్తయినా సరే, ఎండకాలం కుండనీళ్ల ముచ్చటయినా సరే, జ్యోతిరాణి చేతిలో పడితే దానికో రుచి వస్తది. మొదటి వాక్యమే చదివేటోన్ని కొంగు పట్టి ఆపాలె. పేరా చిన్నగుండాలె. చెప్పాల్సిందంతా ముందే కక్కేయొద్దు, ఒకటి దాచుకోవాలె. ఈ కిటుకులన్నీ ఆమెకు నేర్పింది ఎడిటర్ విజయేందర్. పదిహేనేండ్లు పేపర్లో పనిచేసి వచ్చిన మనిషి. ఎవరి మీదా గొంతు లేపడు.

మే నెలలో అమ్మల దినం వస్తుందంటే విజయేందర్ ఆమెను పిలిచి, "ఈసారి ఎవరో గొప్పోళ్ల అమ్మల గురించి వద్దు జ్యోతీ. మీ అవ్వ గురించి రాయి" అన్నడు.

ఆమె తల్లి అనసూర్య సిరిసిల్లలో బీడీలు చుడుతది. తండ్రి పర్శరాములు మరమగ్గాల షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుతడు. పొద్దున ఏడింటికి ఎక్కితే పొద్దుమీకి ఏడింటికి దిగుడు. ఇద్దరి రెక్కల మీద సాగిన చదువు జ్యోతిరాణిది. కూసున్న కాడ కూసున్నట్టే రెండు గంటల్లో రాసేసింది. అందులో తన పదేండ్లప్పటి ముచ్చటొకటి పెట్టింది. ఆ రోజు బాపు పక్కోని సాంచాలు కూడా చూసుకొని, కాళ్లు వాచి, కండ్లు మూతలు పడుతుంటే ఇంట్లకొచ్చిండు. గడప దాటంగనే కాలు తాకి అవ్వ ముందున్న చాట బోర్ల పడ్డది. చుట్టిన బీడీలు, కత్తిరించిన ఆకు, తంబాకు అన్నీ గచ్చు మీద చెల్లాచెదురైనయి. బాపు ఒక్క మాట మాట్లాడకుండ గొంతుక్కూసొని తంబాకు ఏరుడు మొదలువెట్టిండు. అవ్వకు నవ్వాగలే. ముగ్గురూ కలిసి ఏరిండ్రు.

విజయేందర్ మొత్తం చదివి కండ్లద్దాలు తీసిండు.

"బాగుంది. కానీ జ్యోతీ, మూడో పేరా దాటంగనే చదివేటోళ్లు ఎల్లిపోతరు. కష్టమున్నది గానీ కష్టపెట్టినోడు లేడు. చదివేటోనికి ఎవరో ఒకరి మీద కోపం రావాలె. కోపమొస్తేనే కిందిదాకా చదువుతడు, ఇంకో పదిమందికి పంపుతడు."

"మా ఇంట్ల గట్లాంటోళ్లు ఎవ్వరు లేరు సార్."

"లేకుంటే లేదు. ఎక్కడన్న సందున్నదేమో చూడు."

అబద్ధం రాయమని ఆయన అనలే. ఆ మాట జ్యోతిరాణి తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నది. కుర్చీలో కూసొని సందు వెతికింది. దొరకనే దొరికింది. 'బాపు కాలు తాకి చాట బోర్ల పడ్డది' అన్నది తీసేసి, 'తాగి వచ్చిన బాపు చాటను కాలితో తన్నిండు' అని కొట్టింది. చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలే. ఆ ఒక్క వాక్యం పడంగనే మిగతాదంతా దానంతటదే దొర్లుకుంటూ వచ్చింది. నవ్విన అవ్వ ఏడ్చింది. ముగ్గురు ఏరిన తంబాకును అవ్వ ఒక్కతే ఏరుకున్నది. పండుగకు కూడా కల్లు చుక్క ముట్టని పర్శరాములు మూడు పేరాల్లో తాగుబోతయిండు. 'బాపు తన్నిన చాటలోంచే లేచింది నా చదువు' అని పేరు పెట్టి, డిగ్రీ పట్టా తీసుకున్న నాడు అవ్వ బాపులతో దిగిన ఫోటో జతచేసింది.

మొదటి రోజే ఇరవై వేల మంది చదివిండ్రు. నాలుగో రోజుకు లెక్క రెండు లక్షలు దాటింది. ఎవరో లెక్చరరమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఎప్పుడో బళ్లో కలిసి చదువుకున్నోళ్లు కూడా మెసేజ్‌లు పెట్టిండ్రు. జ్యోతిరాణికి కాళ్లు భూమ్మీద ఆనలే. ఇంటి దిక్కు మనసు పోనే పోలేదంటే అబద్ధమైతది. పోయింది. అవ్వకు చదువు రాదు, బాపుది బటన్ల ఫోను, వాళ్లదాకా ఎట్ల పోతది అని సర్దిచెప్పుకున్నది.

ఆదివారం బస్సెక్కి ఇంటికి పోయింది. అనసూర్య గడపలో కూసొని బీడీలు చుడుతున్నది. బిడ్డ వచ్చిందని చూసి కూడా తల లేపలే. పర్శరాములే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చిండు. ఎదురుంగ పీట వేసుకొని కూసున్నడు. కొంచెంసేపు తన చేతులు తానే చూసుకున్నడు.

"బిడ్డా, ఒక ముచ్చట అడుగుత. కోపం జెయ్యకు."

"ఏంది బాపూ?"

"నువ్వు రాసింది మా షెడ్డు ఆసామి ఫోన్ల సదివి ఇనిపిచ్చిండు. చాయ్ తాగేటప్పుడు, అందరున్నరు. నేను చాటను తన్నిన్నా బిడ్డా? కాలు తాకింది మతికున్నది. తన్నింది యాదికొస్తలేదు. మీ అవ్వనడిగితే లేదన్నది. ఆమె ఎప్పుడైనా నన్ను ఎనుకేసుకొచ్చేదేనాయె. నువ్వు సదువుకున్నదానివి, నీకు మతికుంటది. చిన్నప్పుడు నీ కండ్లకు గట్ల గనవడ్డదా? గట్లే గనవడితే నాదే తప్పు."

ఆయన తిట్టినా, కొట్టినా తట్టుకునేదేమో. తన జ్ఞాపకాన్ని నమ్మకుండ, బిడ్డ రాసిన రాతను నమ్మి, తనలో తాను తప్పు వెతుక్కుంటున్న మనిషి ముందు ఆమెకు దాక్కునే జాగ దొరకలే.

"లేదు బాపూ. తన్నలే. కాలే తాకింది."

"మరి గట్లెందుకు రాసినవ్?"

"చదువుతరని."

పర్శరాములు ఆ మాటను ఒకసారి లోపల తిప్పుకున్నట్టు తలూపిండు. "సదివిండ్రా?"

"చదివిండ్రు."

"ఎంతమంది?"

"రెండు లక్షల పైన."

"అబ్బో" అన్నడు ఆయన. ఆ అబ్బోలో ఎగతాళి లేదు. ఎక్కడో రవ్వంత మురిపెం కూడా ఉన్నది. అది చూసి జ్యోతిరాణికి తల నేలల పెట్టుకోవాలనిపించింది.

అనసూర్య చాట పక్కకు నెట్టింది.

"ముప్పై ఏండ్లు నడుము వంచి చుట్టిన. గది సాలలేదా నీకు? నా కష్టం పది మందికి కష్టం లెక్క గనవడాలంటే నా మొగణ్ని తాగుబోతును జెయ్యాల్నా? ఈయన నాలుగు దినాల సంది చాయ్‌కి కూడా బయటికొస్తలేడట. సాంచాల నడుమనే నిలవడ్తుండని పక్క సాంచాల హనుమండ్లు వచ్చి చెప్పిండు."

"ఊకోవే" అన్నడు పర్శరాములు. "చిన్నపిల్ల."

ఇరవై ఆరేండ్ల జ్యోతిరాణి ఆ మాట కింద కూడా నలిగింది.

తెల్లారి ఆఫీసుకు పోయి విజయేందర్ ముందు నిలవడి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నేను అబద్ధం రాయమన్ననా జ్యోతీ?"

"అనలే సార్. నేనే రాసిన. తీసేయండి."

తీసేసిండు. కానీ అప్పటికే దాన్ని నాలుగు ఫేస్‌బుక్ పేజీలోళ్లు ఎత్తుకపోయిండ్రు. ఒకాయన ఏడుపు సంగీతం కలిపి వీడియోగా చదివిండు. వాళ్లందరికీ ఆమె ఫోన్లు చేసింది, మెసేజ్‌లు పెట్టింది. ఒక్కరే జవాబిచ్చిండ్రు, చూస్తమని. ఆమె మళ్లీ కూసొని, మా బాపు తాగడు, నేను రాసింది తప్పు అని పది వాక్యాలు రాసింది. మొదట్లో ఏమన్న మంచి ఎత్తుగడ పెడదామా అని విజయేందర్ మెల్లగ అడిగితే వద్దన్నది. దాన్ని మూడు వందల నలభై మంది చదివిండ్రు. కింద ఒకామె, 'పాపం, ఇంట్లోళ్లు బెదిరించి రాయించినట్టున్నరు' అని రాసింది.

రెండు లక్షల మందిని పట్టుకునే తొవ్వ కనవడలే. కనీసం బాపు మొఖం చాటేస్తున్న చోటికన్న పోవాలని మంగళవారం సెలవు పెట్టి సిరిసిల్లకు పోయింది. షెడ్డులో సాంచాల మోతకు మనిషి మాట మనిషికి ఇనరాదు. ఆసామి దగ్గరికి పోయి, చెవి దగ్గర నోరుపెట్టి, ఐదు నిమిషాలు ఆపమని బతిలాడింది. ఆయన ఎగాదిగా చూసి చెయ్యెత్తిండు. ఒకటి తర్వాత ఒకటి సాంచాలు ఆగినయి. చివరి వరుసలో, చేతిలో దారం కండెతోటి నిలవడ్డ పర్శరాములు బిడ్డను చూసి వద్దు వద్దని తలూపుతుండు.

బస్సులో తొవ్వ పొడుగునా ఎట్ల మొదలుపెట్టాల్నో అనుకుంటూ వచ్చింది. అంతా మరిచిపోయింది.

"మా బాపు తాగడు. చాటను తన్నలే. నేనే కల్పించి రాసిన. మీరందరు నన్ను మన్నించాలె."

దూదిపోగులు గాలిలో తేలుతున్నయి. ఆసామి ఎందుకో జేబులోంచి ఫోను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నడు. పర్శరాములు పక్క సాంచాలు నడిపే హనుమండ్లు భుజం మీది తువ్వాలతో మొఖం తుడుచుకున్నడు. జ్యోతిరాణిని పుట్టిన కాడి నుంచి ఎత్తుకొని తిప్పిన మనిషి.

"గది మాకు జెప్పుడెందుకు బిడ్డా? ఇరవై ఏడేండ్ల సంది పక్కపక్కన నిలవడ్డం. మీ బాపు ఎసొంటోడో మాకెరుక లేదా? సదివి ఇనిపిస్తుంటే నేనే లేచి ఆసామితోటి కొట్లాడిన. నువ్వు చెప్పింది మాకు కాదు, ఎరుక లేనోళ్లకు. గా రెండు లచ్చల మంది ఇండ్లకు పోతవా ఇప్పుడు?"

కసిరినట్టు కాదు, నిజంగానే అడిగినట్టు అడిగిండు. అందరూ జ్యోతిరాణినే చూస్తున్నరు. అంతలో చివరి వరుసలో ఒక సాంచ టకటకమని మొదలైంది. పర్శరాములుది. దాని వెనుక మిగతావన్నీ అందుకున్నయి. బాపు కోపంతో నడిపిండో, అంతమంది చూపుల నుంచి తనను తప్పించడానికి నడిపిండో ఆమెకు తెలియలే. ఆ మోతలో నిలవడలేక బయటికి వచ్చింది.

ఉద్యోగం మానలే. మానితే ఇంకో పని చేతగాదు. ఎవరి గురించి రాసినా వాళ్లకు ముందుగాల ఫోన్లో చదివి ఇనిపించుడు మాత్రం మొదలువెట్టింది. ఆమె రాసినవి మునుపటి లెక్క ఉరుకుతలేవు.

మళ్లా ఎండకాలం వచ్చింది. హనుమాన్ జయంతికి ముగ్గురూ కొండగట్టు అంజన్న కాడికి పోయిండ్రు. దర్శనం లైను మెల్లగ కదులుతున్నది, కాషాయం బట్టలతో కొండంతా నిండిపోయింది. పక్క లైనులో ఒకామె జ్యోతిరాణిని, అనసూర్యను మార్చి మార్చి చూస్తున్నది. నలభై దాటి ఉంటయి. చెయ్యి పట్టుకొని పన్నెండేండ్ల ఆడపిల్ల. ఉన్నట్టుండి ఇనుప కడ్డీ మీదుగ చెయ్యి చాపి అనసూర్య భుజం పట్టుకున్నది.

"బీడీల చాట అవ్వవు నువ్వే గదా? ఫోటో చూసిన. మాది మెట్‌పల్లి. ఎంత గోస పడ్డవే అవ్వా!" అని, పర్శరాములు దిక్కు ఒక చూపు చూసింది. చుట్టూ ఉన్నోళ్లు కూడా తిరిగి చూసిండ్రు.

జ్యోతిరాణి నోరు తెరిచేలోపే పర్శరాములు రెండు చేతులు జోడించిండు.

"అవునమ్మా. ఇప్పుడు మానేసిన. అంజన్న దయ."

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"కాదక్కా, మా బాపు ఎన్నడు తాగలే. నేనే అబద్ధం రాసిన" అన్నది జ్యోతిరాణి. గొంతు అనుకున్నదానికంటే గట్టిగ వచ్చింది.

"ఉండనీ బిడ్డా. తండ్రి గదా, కడుపుల పెట్టుకుంటున్నవు. మంచిదానివి" అన్నది ఆమె. పక్క లైను కదిలింది. ఆమె ముందుకు పోయింది.

"గట్లెందుకన్నవ్ బాపూ?"

"ఇంతమందిల నిన్ను అబద్ధాలదానివి జెయ్యాల్నా? నాకేమైతది? నేను తాగలేదని నాకెరుక" అన్నడు పర్శరాములు, ఎండకు కండ్లు చిన్నగ చేసుకొని.

జ్యోతిరాణి కడ్డీ కింద నుంచి వంగి అవతలికి దాటింది. జనాన్ని తోసుకుంటూ పోయి కొబ్బరికాయలు కొట్టే కాడ ఆమెను పట్టుకున్నది. ఈసారి తొందరపడలే. చాట ఎట్ల బోర్ల పడ్డదో, ముగ్గురు కూసొని ఎట్ల ఏరిండ్రో, ఒక్క వాక్యం ఎట్ల మార్చిందో, ఎందుకు మార్చిందో మొత్తం చెప్పింది.

మెట్‌పల్లి ఆమె చేతిలో కొబ్బరిచిప్ప పట్టుకొని అట్లనే ఇన్నది. బిడ్డను కొంచెం అవతలికి పొమ్మన్నది.

"మా ఇంట్ల గది నిజం" అన్నది మెల్లగ. "ఆయన తాగొచ్చి తంతడు. నేను సుత బీడీలే చుడుత. అవ్వగారింటికి పోదామని సంచి సదురుకున్న నాడు మా చెల్లె నీ కథ పంపింది. గా అవ్వ అంత ఓర్చుకొని బిడ్డను సదివిచ్చింది గదా, నేను సుత ఓర్చుకుంట అనుకున్న. సంచి ఇప్పేసిన. ఏడాదాయె. ఇప్పుడు నువ్వొచ్చి అబద్ధమంటున్నవా?"

జ్యోతిరాణి ఇన్ని రోజులు తన బాపుకే అన్యాయం చేసిన అనుకున్నది.

"అక్కా, నీ పేరేంది? నంబరియ్యి. నేను..."

"నా పేరెందుకు? మళ్ల రాస్తవా?" అన్నది ఆమె. కోపం కూడా లేదు ఆ గొంతులో, అలసట తప్ప. కొబ్బరిచిప్ప సంచిలో వేసుకొని, బిడ్డను పిలిచి, కాషాయం గుంపులో కలిసిపోయింది.

జ్యోతిరాణి తిరిగి వచ్చేసరికి లైను చాలా ముందుకు జరిగింది. వెనుకోళ్లు గొణుగుతున్నా పర్శరాములు పక్కకు ఒదిగి బిడ్డకు జాగ ఆపి ఉంచిండు.

"ఏమన్నది బిడ్డా గామె? నమ్మిందా?" అని అడిగిండు.

"నమ్మింది బాపూ" అన్నది జ్యోతిరాణి.