నీలం తీగ వేసిన బోర్డు

నేను ఒక బోర్డును. అరచేయంత ఆకుపచ్చ పలక, దాని మీద చిన్న కంప్యూటర్‌కు కావలసిన సరంజామా. పుట్టింది హైదరాబాద్ కుషాయిగూడలో, ఒక రేకుల షెడ్డులో. నా మంచిచెడ్డలు నేనే చెప్పుకుంటాను. తూకంలో మోసం ఉండదు.

నా గీతలు గీసింది వకుళ. చిప్పులు పెట్టి సాల్డరింగ్ చేసింది మస్తాన్. గీసిన నమూనా అంతా ఇంటర్నెట్‌లో పెట్టేయడం వకుళ పద్ధతి. ఎవరైనా తీసుకోవచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినవాళ్లు ఆ మార్పును తిరిగి అందరికీ చూపాలి. సరుకు కిటుకంతా వీధిలో పోసే వ్యాపారం నాకు మొదట్లో మింగుడుపడలేదు.

నేను మొదటి బోర్డును గనుక నాలో ఒక తప్పు ఉంది. మెమరీ చిప్పుకు కరెంటు తీసుకెళ్లే గీతను వకుళ మరిచిపోయింది. మస్తాన్ నా వీపు మీద ఒక నీలం తీగ ముక్క అతికించాడు.

"పిల్లకు తాయెత్తు కట్టిన మేడమ్, ఇగ లేస్తది" అన్నాడు.

లేచాను. ఆ సంబరంలో వకుళ తీగ కనబడేలా నా వీపు ఫొటో తీసి, ఇంటర్నెట్‌లో నమూనా ఉన్న పేజీలో పెట్టింది. మర్నాడు నమూనాలో గీత దిద్దింది. ఫొటో మాత్రం మార్చలేదు. బాగా వచ్చిందని నేనూ మురిసిపోయాను.

నాలుగు నెలలకు పార్వతీపురం నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో లెక్కలు చెప్పే సింహాచలం మాస్టారు. దిద్దిన నమూనా చూసి పిల్లలతో ఆరు బోర్డులు చేయించారు. ఆ హాస్టల్‌కు అవే తొలి కంప్యూటర్లు.

"మొదటిదానికి మీ ఫొటోలో ఉన్నట్టే తీగ ఏసినామమ్మా. నీలంది ఎతికి మరీ తెచ్చినాం. పొగొచ్చీసింది. మేమే పాడు చేసీసినామని పిల్లలు ఏడుస్తన్నారు. మిగతా అయిదూ ముట్టుకోరట. మా చేతిపనే తప్పేటమ్మా?"

దిద్దిన నమూనాలో ఆ తీగ అక్కర్లేదు. వేస్తే కరెంటు దొడ్డిదారిన పోయి చిప్పు కాలిపోతుంది. వకుళ ఫోన్‌లో మ్యూట్ నొక్కింది.

"ఫొటో సప్పుడు చెయ్యకుండ తీసెయ్యుండ్రి మేడమ్. వాళ్ల చేతిపనే అనుకోనియ్యుండ్రి. మన పేరు ఖరాబైతది" అన్నాడు మస్తాన్.

నేనూ అతని పక్షమే. గడప దాటిన సరుకులో లోపం తనదని ఒప్పుకునే వర్తకుడు ఉంటాడా?

వకుళ మ్యూట్ తీసింది. "పిల్లల్ని పిలవండి మాస్టారూ. అమ్మా, తప్పు నాది. నేను పాత ఫొటో ఉంచేశాను. మీ చేతిపని బాగానే ఉంది. మిగతావాటికి తీగ వేయకండి, చాలు."

"మరి మీరెందుకేసినారు?" ఒక పిల్ల గొంతు.

"మొదటిదానిలో గీత మరిచిపోయానమ్మా."

"మీరూ మరిచిపోతారేటి!" అవతల గదంతా నవ్వులు.

ఆ రోజే వకుళ జరిగినదంతా పేజీలో పైనే రాసింది. ఎత్తిపొడుపులు వచ్చాయి. వాటితోపాటు మరో మూడు ఊళ్ల నుంచి కబుర్లు: మాదీ కాలింది, మా చేతకానితనమనుకుని మూల పడేశాం. అవి చదివాక మస్తాన్ ఆ పూట టీ కూడా తాగలేదు.

పార్వతీపురంలో అయిదూ వెలిగాయి. ఆ తరువాత వచ్చిన ప్రతి బోర్డు వెనకా తెల్ల అక్షరాలు అచ్చయ్యాయి: "ఇక్కడ తీగ వేయకండి - పార్వతీపురం హాస్టల్ పిల్లలు." ఆ అక్షరాలు అచ్చు వేయించమని అడిగింది మస్తానే.

నేనిప్పుడు అతని బల్ల మీద ఉంటున్నాను. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు అతను ముందు నన్నే తిప్పి చూపిస్తాడు. నా వీపు మీద ఏ పేరూ లేదు. నీలం తీగ ఉంది.